బండిలో కాపురం: గాలికి దారి ఉంటేనే క్షేమం

గన్నవరం: కోతల కాలం వచ్చిందంటే ఈ ప్రాంతంలో ఊరి బయట, కాలువ గట్ల మీద, మామిడి తోటల పక్కన చిన్న ట్రక్కులు రాత్రిళ్లు ఆగి కనిపిస్తాయి. పైన టార్పాలిన్, వెనక డోరుకు వేలాడే బకెట్టు, లోపల రెండు మూడు పడకలు. వరికోత మిషన్ల వెంట తిరిగేవారు, కోసిన పొలాల్లో బాతులు మేపేవారు, తేనెటీగల పెట్టెలతో పూలున్న చోటికల్లా కదిలేవారు, నూజివీడు వైపు మామిడి తోటలు కొని కాపలా ఉండేవారు, ఇలా ఎందరికో ఏడాదిలో కొన్ని నెలలు బండే ఇల్లు. కార్తీకం దాటాక దీక్ష ముగించుకుని యాత్రకు బయలుదేరేవారు కూడా బండి వెనుక పడకలు వేసుకుంటున్నారు.

వట్టి టార్పాలిన్ కాకుండా రేకులతో పెట్టెలా కట్టించుకుని, అందులో లైటు, ఫ్యాను, గ్యాసు పొయ్యి, సామాను అరలు అమర్చుకోవాలనే కోరిక సహజం. అమెరికాలో ఇలా చిన్న ట్రక్కు వెనుక కట్టే ఇంటిని క్యాంపర్ అంటారు. అక్కడ దానికోసం ప్రత్యేకంగా కంపెనీలే ఉన్నాయి. మనకు అంత దూరం చూడనక్కరలేదు. పక్కనే విజయవాడ ఆటోనగర్ ఉంది. లారీ చాసిస్ తెచ్చి ఇస్తే క్యాబిన్, బాడీ, డ్రైవరు పడక, టూల్ బాక్సు, దేవుడి పటానికి చిన్న గూడుతో సహా కట్టి ఇచ్చే పనివారు అక్కడ తరతరాలుగా ఉన్నారు. మల్లవల్లి పారిశ్రామికవాడలో 2025లో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం కూడా ప్రారంభమైంది. పెట్టె కట్టించడం ఈ ప్రాంతంలో కష్టం కాదు. అందులో పడుకున్నవారు తెల్లవారి క్షేమంగా లేచేలా కట్టించడమే తెలుసుకోవలసిన సంగతి.

గూడుబండి చెప్పిన పాఠం

మోటారు బండి రాకముందు మన పెద్దలు తిరునాళ్లకు, పెళ్లిళ్లకు గూడుబండి కట్టుకుని రెండేసి రోజులు ప్రయాణం చేసేవారు. కింద వరిగడ్డి, దానిమీద జంపఖానా, బండి కింద లాంతరు. వంట మాత్రం బండి విప్పి చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి చేసేవారు. గూడు ముందూ వెనుకా తెరిచే ఉండేది. గాలి ఒక వైపు వచ్చి మరో వైపు పోయేది.

రేకుల పెట్టె కట్టేటప్పుడు ఈ ఒక్క సంగతి మరచిపోతున్నాం. వాన రాకూడదని, దోమ రాకూడదని, దొంగ రాకూడదని నాలుగు వైపులా మూసేస్తాం. అప్పుడు గాలి కూడా రాదు. తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న పెట్టెలో నలుగురు పడుకుంటే తెల్లవారేసరికి రేకు లోపలి వైపు చెమర్చి దుప్పట్లు తడుస్తాయి. అది గాలి చాలడం లేదని బండి మనకు చెప్పే మొదటి మాట.

అందుచేత కట్టేవారికి మొదట చెప్పవలసింది రెండు కిటికీల గురించి. ఒకటి ఒక పక్క కిందుగా, రెండోది ఎదుటి పక్క పైకప్పు దగ్గరగా ఉండాలి. వేడి గాలి పైనుంచి పోతే చల్లగాలి కిందినుంచి వస్తుంది. రెండింటికీ సన్న జాలీ బిగిస్తే దోమ రాదు. వాన జల్లు పడకుండా పైన చిన్న చూరు రేకు చాలు. ఈ కిటికీలకు మూసే తలుపులు పెట్టకపోవడమే మంచిది. తలుపు ఉంటే చలి రాత్రి ఎవరో ఒకరు మూస్తారు.

చైతన్యరథం

బండిని ఇల్లు చేసుకున్నవారిలో తెలుగువారందరికీ తెలిసిన పేరు నందమూరి తారక రామారావుది. ఈ జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఆయన 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ స్థాపించి, పాత షెవర్లె వ్యానును మార్పించుకుని రాష్ట్రమంతా తిరిగారు. కుమారుడు హరికృష్ణ దానిని నడిపారు. పైన నిలబడి మాట్లాడేందుకు వేదిక, మైకు, లోపల విశ్రాంతికి చోటు ఉండేవి. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యేనాటికి చైతన్యరథాన్ని చూడని పల్లె అరుదు. స్నానం, భోజనం మాత్రం రోడ్డు పక్కనే సాగేవి. ఎంతటివారైనా బండిలో ఇమిడేది పడక, సామాను మాత్రమే. మిగతా కాపురమంతా ఆరుబయటే.

బరువు కింద, ముందుకు

2005లో టాటా ఏస్ వచ్చాక పల్లెల్లో చిన్న ట్రక్కు సామాన్యుడి బండి అయింది. మొదట వచ్చిన ఏస్ మోయగలిగేది సుమారు 750 కిలోలు. బొలేరో పికప్ వంటివి అంతకు రెట్టింపు దాకా మోస్తాయి. పెట్టె కట్టించేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. నూరు లీటర్ల నీళ్లంటే నూరు కిలోలు. పెద్ద బ్యాటరీ 30 కిలోలు. నిండు గ్యాసు సిలిండరు దాదాపు మరో 30 కిలోలు. ఇనుప యాంగిళ్లు, రేకులు, చెక్కలు కలిస్తే బరువు తెలియకుండానే పెరిగిపోతుంది. పని పూర్తయ్యాక ఖాళీ బండిని ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించి తూకం చీటీ దగ్గర పెట్టుకుంటే ఇంకా ఎంత ఎక్కించవచ్చో స్పష్టంగా తెలుస్తుంది.

బరువైన వస్తువులు నేలకు ఆనుకుని, వెనుక ఇరుసుకు ముందు, క్యాబిన్ వైపు ఉండాలి. నీళ్ల డ్రమ్ము, బ్యాటరీ, బియ్యం మూట అక్కడే సర్దాలి. బరువు పైన పెడితే కాలువ గట్టు మలుపులో బండి వాలుతుంది. బరువంతా వెనుక డోరు దగ్గర పెడితే ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. పైన వలసంచుల్లో బట్టలు, దుప్పట్ల వంటి తేలిక సామాను పెట్టుకోవచ్చు.

పడక కిందే సామాను పెట్టెలు కట్టించడం మేలు. జానెడున్నర ఎత్తున మూత తెరిచే చెక్కపెట్టెలు రెండు పక్కలా పెట్టి, వాటిమీద పరుపు వేస్తే రాత్రి పడక, పగలు బల్ల. బ్రేకు వేసినప్పుడు మూత ఎగరకుండా ప్రతి పెట్టెకూ గొళ్లెం తప్పదు. వంట సామాను పెట్టె మాత్రం వెనుక డోరు దగ్గర, బయటి నుంచి తెరిచేలా ఉండాలి. అప్పుడు వంట బయటే చేయడం అలవాటవుతుంది.

కరెంటు లెక్క

చాలామంది చేసే పొరపాటు బండి బ్యాటరీకే లైటు, ఫ్యాను తగిలించడం. రాత్రంతా వాడితే తెల్లవారి సెల్ఫ్ అందుకోదు. పొలం మధ్యలో బండి తోయడానికి మనుషులను వెతుక్కోవాలి. ఇంటి సామానుకు వేరే బ్యాటరీ ఉండాలి. బండి నడుస్తున్నప్పుడు అది చార్జి అవుతూ, ఆగినప్పుడు మొదటి బ్యాటరీతో సంబంధం తెగిపోయేలా మధ్యలో ఐసోలేటర్ పెట్టమని ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడగాలి.

లెక్క సులభమే. 12 వోల్టుల 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1200 యూనిట్ల శక్తి ఉందనుకుందాం. వీటిని వాట్-గంటలంటారు. ఇన్వర్టరుకు వాడే ఆమ్లపు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. కనుక చేతికి వచ్చేది 600. అయిదు వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు అయిదు గంటలు వెలిగితే 50. ఇరవై వాట్ల డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 160. మూడు ఫోన్ల చార్జింగుకు 45. అంతా కలిపి రాత్రికి 255. అంటే బండి కదలకపోయినా రెండు రాత్రులు గడుస్తాయి. పైకప్పు మీద 100 వాట్ల సౌర పలక ఒకటి బిగిస్తే మంచి ఎండ ఉన్న రోజున 300 దాకా తిరిగి చేరుతుంది.

ఇదే బ్యాటరీకి ఇన్వర్టరు పెట్టి 700 వాట్ల రైస్ కుక్కరు తగిలిస్తే గంట లోపే శక్తి అయిపోతుంది. ఆ సమయంలో తీగల్లో దాదాపు 60 ఆంపియర్ల కరెంటు పారుతుంది. సన్నని తీగ వేడెక్కి పరుపుకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది. మందపాటి రాగి తీగ వాడాలి. బ్యాటరీ పాజిటివ్ పక్కనే, దూరంగా కాకుండా, ఫ్యూజు బిగించాలి. చార్జి అయ్యేటప్పుడు ఆమ్లపు బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది కనుక దానిని పడక కింద మూతపెట్టెలో బంధించకూడదు. బయటికి రంధ్రాలున్న వేరే అర ఇవ్వాలి.

ఎండకు అడ్డు, చలికి దుప్పటి

45 డిగ్రీలు దాటిన వేసవి రోజులు గన్నవరానికి కొత్త కాదు. ఎండలో నిలిచిన రేకుపెట్టె పొయ్యి మీది పెనం వంటిది. పైకప్పుకు తెల్ల రంగు వేయించడం, రేకుకు లోపల చెక్క పలకకు మధ్య థర్మోకోల్ పెట్టించడం, ఆగినచోట పైన తాటాకులు కప్పడం ఖర్చు తక్కువ పనులు. థర్మోకోల్ మండే వస్తువు కనుక అది బయటికి కనపడకుండా పలకతో పూర్తిగా మూయాలి.

చలి మాట వేరు. ధనుర్మాసంలో ఇక్కడ ఒక దుప్పటితో సరిపోతుంది. లంబసింగి, అరకు వైపు వెళ్లేవారికి అది చాలదు. లంబసింగిలో చలి ఒక్కోసారి సున్నా డిగ్రీల దరిదాపులకు వస్తుంది. అక్కడ బండిలో పడుకున్నవారికి తోచే మొదటి ఆలోచన కుంపటి. అసలు ప్రమాదం అదే.

మూసిన చోట బొగ్గులు మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనపడని ఎర్రని నిప్పుల నుంచి కూడా వస్తుంది. రక్తంలో ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు దాని గుర్తులు. మెలకువగా ఉన్నవాడు బయటికి వస్తాడు. నిద్రలో ఉన్నవాడికి మత్తు మీద మత్తు కమ్ముతుంది, ఇక లేవడు. గ్యాసు పొయ్యి వెచ్చదనం కోసం వెలిగించినా, ఇంజను ఆపకుండా ఉంచి పడుకున్నా ఇదే ముప్పు. తలుపు కొంచెం తెరిచాం కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు.

చలి దేశాల్లో వాహనాలకు పెట్టే డీజిల్ హీటరు బయటి గాలితోనే మండి, పొగను గొట్టం ద్వారా బయటికే వదులుతుంది. లోపలికి వచ్చేది వేడి గాలి మాత్రమే. అటువంటి ఏర్పాటు లేనివారు నిప్పు మాట మరచి కింది నుంచి వచ్చే చలిని ఆపాలి. ఇనుప నేల ఒంటి వేడిని లాగేస్తుంది. దానిమీద చెక్క పలక, వరిగడ్డి లేదా మందపాటి పరుపు, మీద రెండు దుప్పట్లు, తలకు మఫ్లరు, వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టిన సీసా ఉంటే రాత్రి గడుస్తుంది. దోమల కాయిల్ కూడా నిప్పే కనుక లోపల వెలిగించకూడదు.

గ్యాసు సిలిండరును పడక గదిలో పెట్టరాదు. వంటగ్యాసు గాలికంటే బరువు. కారితే కిందికి దిగి నేల మీద, అంటే పడుకున్నవారి ముక్కు దగ్గర నిలుస్తుంది. బయటికి మాత్రమే తెరుచుకునే అరలో, నిలబెట్టి, పట్టీతో కట్టి, అర అడుగున రంధ్రం వదలాలి. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా అందరూ దిగాలి. ఎవరైనా మత్తుగా, పిలిచినా పలకకుండా ఉంటే వెంటనే ఆరుబయటికి మోసుకువచ్చి 108కి ఫోను చేయాలి.

సి-బుక్కు మాట

కట్టించే ముందు చూసుకోవలసింది సి-బుక్కు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీ కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. చాసిస్‌కు వెల్డింగు చేసి బాడీ ఎత్తు, వెడల్పు పెంచేముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. బోల్టులతో బిగించి, పని అయ్యాక నలుగురు ఎత్తి దించుకునే పెట్టె అయితే బండి మళ్లీ మామూలు సరుకు బండి అవుతుంది. కౌలుకు, కిరాయికి బండి నడుపుకునేవారికి అదే లాభం కూడా.

బీమా సంగతి ఇంకా ముఖ్యం. 1994 సవరణతో సరుకు యజమానికి, అతని ప్రతినిధికి సరుకు బండిలో బీమా రక్షణ వచ్చింది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు అది వర్తించదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వెనుక పడకలున్నాయి కదా అని పిల్లలను పడుకోబెట్టి హైవే ఎక్కితే, జరగరానిది జరిగిన రోజున ఆ కుటుంబానికి కంపెనీ నుంచి పైసా రాకపోవచ్చు. పడకలు ఆగిన బండిలో పడుకోవడానికే. బండి కదిలినప్పుడు మనుషులు క్యాబిన్‌లో, అదీ సీట్లున్నంత మందే ఉండాలి.

ఆటోనగర్‌కు బండి తీసుకువెళ్లేవారు రంగు, అద్దాలు, పాటల పెట్టె గురించి గంటల తరబడి మాట్లాడతారు. వాటికంటే ముందు రెండు జాలీ కిటికీలు, ఒక ఫ్యూజు, బయటికి తెరిచే గ్యాసు అర అడగాలి. మొత్తం ఖర్చులో ఈ మూడింటికీ అయ్యేది స్వల్పం. గూడుబండిలో తిరిగిన తాతలు ముందూ వెనుకా తెరిచి ఉంచి, పొయ్యి చెట్టు కింద పెట్టి, కుటుంబాన్ని క్షేమంగా ఇంటికి చేర్చారు. ఎద్దులు పోయి ఇంజను వచ్చినా ఆ పద్ధతి మార్చుకోనక్కరలేదు.