వెదకిపెట్టు యంత్రము

1997వ సంవత్సరము నవంబరు నాటికి వ్యాపారరంగమున పేరెన్నికగన్న వెదకు యంత్రములు నాలుగుండగా, తన పేరు ఇచ్చి వెదకమన్నప్పుడు దొరకిన మొదటి పది పుటలలో తన చిరునామాను తాను చూపగలిగినది వానిలో ఒక్కటి మాత్రమే. తక్కిన మూడింటికి తమ యునికియే తెలియదు. ఈ విడ్డూరమును లోకమునకు చాటినవారు కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కంప్యూటర్ శాస్త్రమునందు పరిశోధన చేయుచుండిన లారీ పేజ్, సెర్గే బ్రిన్ అను ఇద్దరు యువకులు. తాము నిర్మించిన క్రొత్త యంత్రమును వర్ణించుచు వారు వ్రాసిన పత్రము 1998లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున జరిగిన వెబ్ మహాసభకు వచ్చినది. ఆ యంత్రమే గూగుల్.

పూర్వపు యంత్రముల లోపమేమనగా, పుటలోని మాటలను లెక్కించుటతో తమ పని ముగిసినదని అవి చాలవరకు తలచెడివి. ‘విమానము’ అను మాట నూరు మారులు కనబడిన పుటయే విమానములను గూర్చిన ఉత్తమమైన పుట యనుట వాని సిద్ధాంతము. ఈ రహస్యమును పసిగట్టిన వర్తకులు తెల్లని నేలపై తెల్లని అక్షరములతో, చదువరికి కనబడక యంత్రమునకు మాత్రమే కనబడునట్లు, కావలసిన మాటలన్నిటిని తమ పుటలలో కుమ్మరించి పెట్టిరి.

పేజ్ తండ్రి మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున కంప్యూటర్ శాస్త్రాచార్యుడు. 1973లో మాస్కోలో జన్మించి ఆరవ యేట తలిదండ్రులతో అమెరికా చేరిన బ్రిన్‌కు తండ్రి గణితాచార్యుడు. ఆచార్యుల యిండ్లలో పెరిగిన పిల్లలకు ఒక సంగతి ఉగ్గుపాలతోనే తెలిసియుండును: ఒక పరిశోధన పత్రపు విలువను, అందేమి వ్రాసియున్నదో చూచుటతోపాటు, తరువాతివారు దాని నెందరు ఉదాహరించిరో చూచికూడ నిర్ణయించుట విద్వల్లోకాచారము. యూజీన్ గార్‌ఫీల్డ్ అను పండితుడు 1955లోనే ఈ ఉదాహరణలకు ఒక సూచిక యుండవలెనని ప్రతిపాదించి, 1964లో దానిని వెలువరించెను. ఒక పుట మరియొక పుటకు వేసిన లింకు సైతము ఇట్టి ఉదాహరణమే కదా యని పేజ్‌కు తోచెను. అయితే ఒక చిక్కు కలదు. పుటనుండి బయటికి పోవు లింకులు ఆ పుటలోనే కనబడును. దానికి ఎక్కడెక్కడనుండి లింకులు వచ్చుచున్నవో తెలిసికొనవలెనన్న వెబ్ అంతయు దింపుకొని చూడక తప్పదు. కావుననే, ‘బ్యాక్‌రబ్’ అను పేరుతో 1996లో పుట్టిన యీ ప్రయోగము, ఆ యేటి మార్చి మాసమున పేజ్ స్వంత పుటనుండి బయలుదేరి, లింకు వెంట లింకు పట్టుకొని, దొరకిన పుటనెల్ల మూట కట్టుకొనుచు పోయినది.

లింకుల సంఖ్యను లెక్కించి ఊరకున్నచో ఈ యంత్రమును ఇంతగా తలచుకొన నవసరము లేదు. దాని విశేషమంతయు లింకు నెవరు వేసిరన్న విచారణలో నున్నది. మూడే పుటలు గల ఒక లోకమును ఊహింపుడు: అ, ఇ, ఉ. ‘అ’ పుట ‘ఇ’కిని ‘ఉ’కిని లింకు వేసినది; ‘ఇ’ పుట ‘ఉ’కు మాత్రమే; ‘ఉ’ పుట ‘అ’కు మాత్రమే. 100 పాళ్ల గౌరవమును మూడింటికి సమానముగ నిచ్చి, ప్రతి పుటయు తన వాటాను తాను లింకు వేసిన పుటలకు సమానముగ పంచివేయవలెనని నియమము పెట్టి, ఈ పంపకమును మరల మరల జరిపించినచో, కొంత సేపటికి వాటాలు కదలుట మానును. అప్పటికి ‘అ’కు 40, ‘ఉ’కు 40, ‘ఇ’కి 20 మిగులును. ‘అ’, ‘ఇ’ పుటలకు వచ్చినది చెరియొక లింకే. అయినను ‘అ’ వాటా రెట్టింపైనది. ఏలయన, ‘ఉ’ తన 40 పాళ్లను సాంతముగ ‘అ’కే ధారపోసినది, ‘అ’ తనకున్న దానిని రెండుగా చీల్చుటచే ‘ఇ’కి సగమే దక్కినది.

గొప్పవారెవరనగా గొప్పవారిచే మెచ్చబడినవారు అని ఎవరైన నిర్వచించినచో మన తార్కికులు అన్యోన్యాశ్రయ దోషమని త్రోసివేయుదురు. గణితమున కట్టి యభ్యంతరము లేదు. అది ఆ దోషమును సమీకరణముగ వ్రాసి, విడదీసి, జవాబు చేతబెట్టును. ఎటును పోనీయక తమలో తామే లింకులు వేసికొనిన పుటల ముఠాలో గౌరవమంతయు చిక్కుకొని పోకుండుటకు మాత్రము ఒక యుపాయము కావలసివచ్చెను: తోచిన లింకు నొక్కుచు తిరుగువాడు నూటికి 85 మారులు లింకునే అనుసరించి, తక్కిన 15 మారులు విసుగుచెంది ఏ పుటకో దుమికినట్లు లెక్క కట్టిరి. 2 కోట్ల 60 లక్షల పుటలకు ‘పేజ్‌ర్యాంక్’ అను ఈ గణన మధ్యరకపు కంప్యూటరుపై కొన్ని గంటలలో ముగిసెడిదట.

ఈ భావము ఒక్క తలలోనే మెరిసినదనుట అన్యాయము. రాబిన్ లీ 1996లోనే లింకుల ఆధారమున పుటలకు వరుస కట్టు ‘ర్యాంక్‌డెక్స్’ను నిర్మించెను, ఐబిఎం పరిశోధనశాలలో జాన్ క్లైన్‌బర్గ్ దాదాపు అదే కాలమున సమీపమైన గణితమును కనుగొనెను, పేజ్‌ర్యాంక్ పత్రమునందు టెర్రీ వినోగ్రాడ్‌తోపాటు, జమ్మూలో పుట్టి కాన్పూరు ఐఐటిలో చదివిన రాజీవ్ మోత్వానీ పేరును కలదు. పేజ్, బ్రిన్‌లు మించినది భావములో కాదు, దానిని కోట్ల పుటలపై నడిపించుటకు పడిన పాటులో. ఆ పాటు ముచ్చటైనది. పది డిస్కులను పిల్లలాడుకొను ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన పెట్టెలో అమర్చిరి. ఆ రంగురంగుల పెట్టె పిమ్మట స్టాన్‌ఫర్డ్‌లో ప్రదర్శన వస్తువైనది. పుటలు సేకరించు ప్రోగ్రాము నడచుచున్నంతకాలము జాబులును ఫోనులును తెరపి లేక వచ్చెడివి. తన పుటలన్నిటిని ఎవరో శ్రద్ధగా చదివిరని మురిసి, ఎట్లున్నవో చెప్పుడని యడిగిన అమాయకులు వారిలో కలరు. ఒకమారు ఆ ప్రోగ్రాము ఒక ఆటలోనికి తెలియక చొరబడి, ఆడువారి నడుమ అర్థములేని సందేశములు కురిపించెను.

తరువాతి కథ అందరెరిగినదే. 1998 ఆగస్టులో ఆండీ బెక్టోల్‌షైమ్ అను పెట్టుబడిదారుడు ఇంకను పుట్టని సంస్థ పేర లక్ష డాలర్ల చెక్కు వ్రాసి ఇచ్చుట, సెప్టెంబరులో సంస్థ నమోదగుట, మెన్లో పార్కులో కారు షెడ్డు అద్దెకు తీసికొనుట ఎన్నో పుస్తకముల కెక్కినవి. పేజ్‌ర్యాంక్ పేటెంటు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు దక్కినది. వాడుక హక్కునకు బదులుగ లభించిన వాటాలను 2005లో అమ్మి ఆ విద్యాలయము 33 కోట్ల 60 లక్షల డాలర్లు గడించెను.

బ్రిస్బేన్ పత్రమునకు ఒక అనుబంధము కలదు. నా దృష్టిలో గణితముకంటె అదియే నేటి పాఠకుడు చదువదగినది. ప్రకటనల సొమ్ముతో బ్రతుకు వెదకు యంత్రము చదువరి పక్షమున నిలువక ప్రకటనదారుల వైపు ఒరగక మానదని ఆ యువకులు అందులో వాదించిరి. నిదర్శనమునకు, సెల్ ఫోనును గూర్చి తమ యంత్రము నడిగినచో, ఫోను మాటలాడుచు బండి నడుపుటచే కలుగు పరాకును గూర్చిన అధ్యయనము ముందు వరుసలో వచ్చుచున్నదనియు, ఫోను కంపెనీల సొమ్ము పుచ్చుకొను యంత్రమేదియు అట్టి జవాబును తన పోషకులకు సమర్థించుకొనజాలదనియు వ్రాసిరి. 2000 అక్టోబరులో గూగుల్ 350 మంది ప్రకటనదారులతో తన ప్రకటనల పథకమగు యాడ్‌వర్డ్స్‌ను ఆరంభించెను. ప్రకటనలను జవాబులనుండి వేరుచేసి చూపిరన్నది నిజము. ఆ యెడము ఏటేట పలుచనగుచు వచ్చినదన్నదియు నిజమే.

అంతకంటె లోతైన సంకటము మరియొకటి. లింకు విలువయంతయు దానిని వేసినవాడు ప్రతిఫలము కోరకపోవుటలో నుండెను. యంత్రము లింకులను తూచుచున్నదని తెలిసిననాడే లింకు సరుకైపోయెను. అమ్మువారు, కొనువారు, దళారులు బయలుదేరిరి. 2003 చివర అల్లరివారు కొందరు కూడబలుకుకొని, ఘోరమైన వైఫల్యమను అర్థము గల మాటలను నాటి అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ జీవితచరిత్ర పుటకు లింకులుగా వేయగా, ఆ మాటలు వెదకినవారికెల్ల అధ్యక్షుని పుటయే మొదట దర్శనమిచ్చెను. దానిని సరిచేయుటకు 2007 జనవరి దాక పట్టినది. లెక్కకు రాని లింకు ఇదియని తెలుపు గుర్తును 2005లో, నాసిరకపు పుటలను వెనుకకు నెట్టు ‘పాండా’ను 2011లో, దొంగలింకులను పట్టు ‘పెంగ్విన్’ను 2012లో తెచ్చిరి. వెబ్‌ను కొలువ పుట్టిన యంత్రము, వెబ్ తనకొరకే వేసికొను వేషములను విప్పుటలో సగమాయువు గడపినదన్నమాట.

తెలుగువారి కీ యంత్రము చాలకాలము అక్కరకు రాలేదు. తొలినాళ్లలో మన పత్రికలనేకము తమ తమ ప్రత్యేక ఫాంట్లతో వెబ్ కెక్కినవి. తెరపై కనబడినది ముద్దులొలుకు తెలుగే యైనను, లోపల దాగినవి ఆంగ్లాక్షరముల సంకేతములు. గ్రంథము చివరి పదసూచికవలె ఏ మాట ఏ పుటలో నున్నదో వ్రాసికొను యంత్రమునకు వానిలో తెలుగు మాట ఒక్కటియు దొరకలేదు. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే చోటు కలిగినను మన పత్రికలు దానిలోనికి మారుటకు ఏండ్లు పట్టినది. మారిన పిదపను ‘చెరువు’, ‘చెరువులో’, ‘చెరువుగట్టున’ అనునవి మనకు ఒక్క చెరువే కాని, విభక్తు లెరుగని యంత్రమునకు మూడు వేర్వేరు మాటలు.

2019లో ‘బెర్ట్’ అను భాషానమూనా వచ్చి ప్రశ్నలోని మాటల పొందికను గ్రహించుట మొదలైనది. 2024 మే మాసమునుండి అమెరికాలో యంత్రమే పుటలను చదివి, సారము కూర్చి, జవాబు పైన పెట్టుచున్నది. జవాబు అక్కడనే దొరకినవాడు క్రిందనున్న లింకును నొక్కునా? పుటలు వ్రాయువారు ఈ ప్రశ్ననే అడుగుచున్నారు. వారి వ్రాతలే లేనినాడు యంత్రమునకు చదువుటకేమియు నుండదు గనుక, ఆ ప్రశ్న గూగుల్‌ది కూడ. ఇంతలో, ఫోనులలోను బ్రౌజర్లలోను ముందుగ తన యంత్రమే యుండునట్లు 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిన యీ సంస్థ చట్టవిరుద్ధముగ గుత్తాధిపత్యమును నిలుపుకొనినదని 2024 ఆగస్టులో వాషింగ్టన్‌లోని న్యాయమూర్తి అమిత్ మెహతా తీర్పు చెప్పెను. 2025 సెప్టెంబరులో ఆయనయే, క్రోమ్ బ్రౌజరును అమ్మనక్కరలేదు గాని, వెబ్ అంతయు తిరిగి కూర్చుకొనిన సూచికలో కొంత భాగమును అర్హులైన పోటీదారులకు ఇవ్వవలసినదేయని ఆదేశించెను.