బాల్యపు కష్టము – గర్భిణి భోజనము

కాసిపేటలో ఒకనాటి మధ్యాహ్నము అంగన్వాడీ కేంద్రమున కొంతసేపు కూర్చుంటిని. ఆరవ నెల గర్భిణి ఒకామె అన్నము, పప్పు తిని, గుడ్డును మాత్రము కొంగున ముడివేసికొనెను. "అది ఈడనే తినాలె గదమ్మా" అని టీచరు మందలించగా, "కడుపు నిండింది టీచరమ్మా, ఇది మా బిడ్డకు" అనెను. కొంతసేపటికి తానే, "చిన్నప్పుడు మా యింట్ల గుడ్డు తమ్మునికే పెట్టేటోళ్లు. నాకు తినబుద్ధి కాదు" అని చెప్పెను. గుడ్డు గర్భిణికి మంచిదని ఆమెకు తెలియకపోలేదు. ఆ పాఠమును ఆమె నాకే అప్పజెప్పగలదు. మరి తెలిసిన సంగతి నోటివరకు ఏల పోలేదు?

బొగ్గుగనుల ప్రాంతపు విద్యార్థులకు దీనిని బోధించుట సులభము. ఏండ్ల తరబడి తెల్లవారుజామున లేచి మొదటి షిఫ్టుకు పోయిన కార్మికుడు, పని విరమించిన పిమ్మట కూడ ఆ వేళకే మేల్కొనును. ఎవరును లేపనక్కరలేదు. శరీరము ఆ వేళను నేర్చుకొన్నది. బాల్యమున అనుభవించిన ఆకలి, భయము, దెబ్బలు, నిరాదరణ కూడ శరీరమునకు ఇట్టి అలవాట్లనే నేర్పును.

ఇది జరుగు విధమేమి? భయము కలిగినపుడు మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని, అది మూత్రపిండములపై నున్న అధివృక్క గ్రంథులను రసాయనముల ద్వారా ప్రేరేపించును. అపుడు కార్టిసాల్ అను హార్మోను రక్తములో పెరుగును. ఆపద తీరగానే అది తగ్గి శరీరము కుదుటబడవలెను. కాని తండ్రి త్రాగి వచ్చి కొట్టునేమోయని ప్రతి సాయంకాలము తలుపువైపు చూచు పిల్లకు ఆపద ఏనాడును తీరదు. ఎదుగుచున్న ఆ శరీరములో ఈ వ్యవస్థ కొందరియందు అతిగాను, కొందరియందు మందముగాను స్పందించుటకు అలవడును. కార్టిసాల్ ఆకలిని, తీపి, క్రొవ్వు పదార్థములపై కోరికను పెంచగలదు. తీపి తిన్నపుడు కలుగు ఊరట ఆందోళనను కొంతసేపు మరపించును. అందుచేత కష్టము వచ్చినపుడెల్ల ఒకరు తినుటకు అలవాటు పడుదురు. మరియొకరికి ముద్ద దిగదు.

1980లలో అమెరికాలోని శాన్‌డియాగోలో విన్సెంట్ ఫెలిటి అను వైద్యుడు స్థూలకాయులకు చికిత్స చేయుచుండెను. చక్కగా బరువు తగ్గుచున్నవారే చికిత్స మానివేయుట ఆయనకు వింతగా తోచెను. విచారింపగా వారిలో అనేకులు బాల్యమున హింసకు గురియైనవారని తెలిసెను. వైద్యుడు రోగముగా ఎంచిన తిండి వారికి మందుగా నుండెను! ఈ సంగతినుండియే ఆయనయు, రాబర్ట్ ఆండాయు 17,000 మందికి పైగా పెద్దలను ప్రశ్నించిన పరిశోధన పుట్టినది. తొలి ఫలితములు 1998లో వెలువడెను. బాల్యపు కష్టములు ఎన్ని ఎక్కువైన, పెద్దతనపు అనారోగ్యములు అంత ఎక్కువగుట అందు కనబడెను.

2016లో సారా హిల్, ఆమె సహచరులు ప్రకటించిన ప్రయోగములు మన విషయమునకు మరింత దగ్గర. కలిగిన ఇండ్లలో పెరిగిన స్త్రీలు ఆకలి ఉన్నపుడు ఎక్కువ, లేనపుడు తక్కువ తినిరి. లేమిలో పెరిగినవారు ఆకలి ఉన్నను లేకున్నను ఇంచుమించు ఒకే తీరున తినిరి. తరువాత సంపాదించిన కలిమి ఈ భేదమును చెరపలేదు. దొరికినపుడే తినుట లేమిలో తెలివియే. దానిని తిండిపోతుతనమనుట అన్యాయము.

అయితే ఆ స్త్రీలు గర్భిణులు కారు. గర్భిణులను గూర్చిన సమాచారము ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతమునుండి లభించినది. 1991, 1992లలో ప్రసవింపనున్న 14,000 మందికి పైగా స్త్రీలు అచటి పరిశోధనలో చేరిరి. బాల్యపు చేదు అనుభవములకును, గర్భకాలమున తిండిని, బరువును గూర్చి తలెత్తు ఇక్కట్లకును సంబంధమున్నట్లు వారిలో కనబడెను. వేవిళ్లు, పెరుగు పొట్ట, అందరు చెప్పు సలహాలు పాత భయములను మరల తట్టి లేపుటలో వింత లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారము గర్భిణికి దినమునకు 350 కాలరీలు అదనముగా కావలెను. ఇరువురి తిండి తినవలెనను మాట అక్షరాల నిజము కాదు. ఊరట కొరకు తినునామె ఈ మట్టమును దాటిపోవచ్చును. ముద్ద దిగనామె దానిని అందుకొనలేదు.

ఇవి సంబంధములే గాని విధివ్రాతలు కావు. కష్టపడి పెరిగియు చక్కగా తిను గర్భిణులు ఎందరో కలరు. పైగా మన ఇండ్లలో కోడలు అందరి తరువాత మిగిలినది తినుట నేటికిని పలుచోట్ల ఉన్నది. ఆమె పళ్లెములో తక్కువైనది బాల్యమువలననా, అత్తవారింటి ఆచారమువలననా, పేదరికమువలననా అని విడదీయుట కష్టము.

2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకము ప్రారంభమైనపుడు గర్భిణులు అంగన్వాడీలోనే కూర్చుండి తినవలెనని నియమము పెట్టిరి. ఇంటికి పంపిన తిండి పలువురి పాలగును గదా. ఈ నియమము కఠినమని నేను తలచుచుంటిని. తోటి గర్భిణుల నడుమ, ముద్దలు లెక్కించువారు లేనిచోట తినుటలోని సుఖము నాకు అంతకుముందు తట్టలేదు.

ఆ దినమున టీచరు ఆమె ప్రక్కన కూర్చుండి, "నీ బిడ్డ ఈడనే తన గుడ్డు తిన్నదమ్మా, నువ్వే చూసినవ్ గద" అని మెల్లగా చెప్పెను. ఆమె నవ్వి, కొంగు ముడి విప్పి సగము గుడ్డు తినెను. తక్కిన సగము మరల ముడిలోనికే పోయెను.