ఇంగ్లీషు రాతలో కోలన్, డాష్: ఎక్కడ, ఎందుకు?

మన వాడల్లో జరిగిన దాడి మీద రాసిన నివేదిక హైకోర్టుకో ఢిల్లీలోని కమిషన్‌కో చేరాలంటే చాలాసార్లు ఇంగ్లీషులోకి మారాల్సిందే. యూనివర్సిటీ థీసిస్ సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఇంగ్లీషు ఉన్నవాళ్ళకి విరామ చిహ్నాలు చదువుతూ చదువుతూనే అలవడతాయి. మొదటి తరం చదువరులకి వాటిని ఎవరో ఒకరు విడమర్చి చెప్పాలి. చెప్పకుండానే మార్కులు మాత్రం కోస్తారు. అందుకని కోలన్, డాష్‌ల గురించి ఇక్కడ మాట్లాడుకుందాం.

కోలన్ అంటే ముందు చెప్పిన దాన్ని ఇప్పుడు విప్పి చెబుతున్నామని అర్థం. దాని తర్వాత జాబితా రావొచ్చు, వివరణ రావొచ్చు, సాక్షి చెప్పిన మాటలు యథాతథంగా రావొచ్చు. మామూలు వాక్యంలో దీని నియమం ఒక్కటే: కోలన్‌కి ముందున్న భాగం దానంతటది పూర్తి వాక్యం కావాలి. 'అవర్ డిమాండ్స్ ఆర్: ల్యాండ్, వేజెస్ అండ్ ఎ బరియల్ గ్రౌండ్' అని రాస్తే వాక్యం 'ఆర్' దగ్గర సగంలో తెగింది. 'వి హావ్ త్రీ డిమాండ్స్: ల్యాండ్, వేజెస్ అండ్ ఎ బరియల్ గ్రౌండ్' అన్నది సరైన రాత. 'సచ్ యాజ్', 'ఇన్‌క్లూడింగ్' తర్వాత కూడా కోలన్ పెట్టకూడదు.

పుస్తకం పేరుకీ ఉపశీర్షికకీ మధ్య కూడా కోలన్ వస్తుంది. అంబేద్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసం పేరు చూడండి: 'క్యాస్ట్స్ ఇన్ ఇండియా: దెయిర్ మెకానిజమ్, జెనెసిస్ అండ్ డెవలప్‌మెంట్'. కోలన్‌కి ముందు విషయం, తర్వాత దాన్ని ఏ కోణంలో పరిశీలిస్తున్నాడో ఉంది. థీసిస్‌కి పేరు పెట్టేటప్పుడు ఇదే పద్ధతి పనికొస్తుంది.

మన ఆఫీసు కాగితాల్లో 'సబ్జెక్ట్:-' అని కోలన్ పక్కన గీత కూడా గీస్తారు. అది పాత అలవాటు, ఇవాళ్టి ఇంగ్లీషులో కోలన్ ఒక్కటే చాలు. కోలన్‌కి ముందు ఖాళీ వదలకూడదు, తర్వాత వదలాలి.

ఇక గీతలు మూడు రకాలు. పొట్టిది హైఫన్, మాటల్ని అతుకుతుంది: 'యాంటీ-క్యాస్ట్'. దానికంటే పొడుగుది ఎన్ డాష్, 'నుంచి, దాకా' అని చెబుతుంది: రౌండ్ టేబుల్ సమావేశాలు 1930–32. అయితే 'ఫ్రమ్' అని మొదలుపెడితే మధ్యలో 'టు' అనే రాయాలి, గీత కాదు. అన్నిటికంటే పొడుగుది ఎమ్ డాష్. వాక్యం నడుస్తుండగా మధ్యలో ఆగి ఒక ముక్క చెప్పడానికి అది వాడతాం. టైపు మిషన్ మీద ఈ పొడుగు గీత లేక రెండు హైఫన్లు కొట్టేవాళ్ళు.

ఈ తేడా కేసులో ఎంత పని చేస్తుందో చూడండి. 'ది అక్యూజ్డ్, ది సర్పంచ్ అండ్ హిజ్ బ్రదర్ కేమ్ టు ది కాలనీ' అని కామాతో రాస్తే, నిందితుడు వేరు, సర్పంచ్ వేరు, తమ్ముడు వేరు అని చదవొచ్చు. 'ది అక్యూజ్డ్ — ది సర్పంచ్ అండ్ హిజ్ బ్రదర్ — కేమ్ టు ది కాలనీ' అంటే ఆ ఇద్దరే నిందితులని తేలిపోతుంది. అవతలి వకీలుకి సందు దొరకదు. మధ్యలో తెరిచిన డాష్‌ని మళ్ళీ డాష్‌తోనే మూయాలి. రెండు డాష్‌ల మధ్య ఉన్నది తీసేసి చదివినా వాక్యం నిలబడాలి.

డాష్ సులువుగా ఉందని ప్రతి వాక్యంలో వాడితే దాని బలం పోతుంది. నివేదిక పంపే ముందు ఒకసారి గుర్తుల కోసమే చదవండి. ప్రతి కోలన్ దగ్గర ఆగి ముందున్నది పూర్తి వాక్యమేనా, ప్రతి డాష్ దగ్గర ఆగి దాని జత ఉందా అని చూసుకోండి. సంఘంలో ఒకరు రాస్తే ఇంకొకరు ఇలా చదివిపెట్టడం మంచిది.