చుట్టల పెట్టెలో వానాకాలం

మొన్న జూలైలో ఒక ఆదివారం పొద్దున్నే మా నాన్న నన్ను నిద్రలేపి, మాటా పలుకూ లేకుండా నా చేతిలో ఒక సిగార్ పెట్టాడు. దాని మీద తెల్లటి నూగు. నాలుగు రోజుల బ్రెడ్డు మీద వస్తుందే, అదే బూజు.

"మీ బాబాయికి ఏం చెప్తావురా?" అన్నాడు.

నాకు నిద్ర మత్తు మొత్తం దిగిపోయింది. ఎందుకంటే ఆ పెట్టె బాధ్యత నాది.

మా బాబాయ్ డాలస్‌లో ఉంటాడు. నాన్న ఎనుమాముల మార్కెట్‌లో గుమాస్తాగా పనిచేసి ఆయన్ని ఇంజనీరింగ్ చదివించాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు బాబాయ్ చిన్న చెక్క పెట్టె ఒకటి తెచ్చాడు. మూత మీద నున్నటి పాలిష్, లోపల గంధంలాంటి వాసన, పన్నెండు సిగార్లు. "అన్నా, దసరాకు మళ్లీ వస్తా. డాబా మీద కూసొని ఇద్దరం చెరొకటి ముట్టిద్దాం" అన్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ నాయనమ్మ చుట్టిన బీడీల్లోంచి ఒకటి దొంగిలించి, గోడ వెనక సగం సగం తాగి దొరికిపోయారట. దానికి గుర్తుగా ఇది.

చిక్కేమిటంటే, నాన్నకు స్టెంట్ పడి ఎనిమిదేళ్లయింది. ఆ రోజు నుంచి బీడీ ముట్టలేదు. అయినా తమ్ముడి మాట కాదనలేక తలూపాడు. పెట్టె నాకిచ్చి "పాడు కాకుండా చూడు" అన్నాడు.

ముందే చెప్పేస్తా, నేను పొగ తాగను. సిగరెట్ కన్నా సిగార్ మేలనే మాట నమ్మకండి. పొగ లోపలికి పీల్చకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ రావడానికి అది చాలు. నేను రాస్తున్నది తాగడం గురించి కాదు, ఆ పెట్టె గురించి. దాన్ని హ్యుమిడర్ అంటారు. చుట్టల్ని ఎండిపోకుండా, బూజు పట్టకుండా ఒకే తేమలో ఉంచే డబ్బా. పని చూడ్డానికి చాలా సింపుల్. వరంగల్‌లో చేసి చూడండి, తెలుస్తుంది.

సిగార్ అంటే మనకేం పరాయిది కాదు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. ఇంగ్లిష్ వాళ్ల 'చెరూట్' అనే మాట తమిళ 'చురుట్టు' నుంచే వెళ్లింది. 'కన్యాశుల్కం'లో గిరీశాన్ని చుట్ట లేకుండా ఊహించుకోగలమా? కాకపోతే మన తాతలు చుట్టను రుమాలులోనో, చెవి మీదో పెట్టుకున్నారు. అది ఆ రోజు చుట్టి ఆ రోజు కాల్చేది. పది నెలలు దాచాలంటేనే తంటా.

తేమ శాతం అంటే వరంగల్ వాళ్లకు చెప్పేదేముంది! పత్తి బండి ఎనుమాములకు వచ్చిందంటే ముందు మాట్లాడేది మీటరే. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, అక్కడి నుంచి 12 దాకా కోత, 12 దాటితే సీసీఐ కొనదు. మా నాన్న ముప్ఫై ఏళ్లు ఆ అంకెల మధ్యే బతికాడు. అందుకే పెట్టెలో మీటరు 70 చూపిస్తుంటే భయపడిపోయాడు. "డెబ్బై శాతం నీళ్లా!" అని. అది వేరే లెక్క. పత్తిలో చూసేది దాని బరువులో నీరెంత అని. పెట్టెలో చూసేది, ఆ వేడికి గాలి మోయగలిగిన నీటిలో ఇప్పుడు ఎన్నో వంతు మోస్తోంది అని. దీన్ని సాపేక్ష తేమ అంటారు. ఇందులోనే అసలు మెలిక ఉంది. గాలి వేడెక్కితే ఎక్కువ నీరు మోయగలదు, చల్లబడితే తక్కువ. మేలో 45 డిగ్రీల ఎండలో 20 శాతం తేమ ఉన్న గాలినే 25 డిగ్రీలకు చల్లబరిస్తే దాదాపు 60 శాతం చూపిస్తుంది. మధ్యలో ఒక్క చుక్క నీరు కలపకపోయినా సరే.

సిగార్లకు 65 నుంచి 70 శాతం మధ్య బాగుంటుంది. తగ్గితే పైఆకు పెళుసై పగులుతుంది, వాసననిచ్చే నూనెలు పోతాయి. 75 దాటి అక్కడే ఉంటే బూజుకు పండగ.

నా మొదటి తప్పు, పెట్టె మూతకు ఉన్న గుండ్రటి ముల్లు మీటర్‌ను నమ్మడం. ఫిబ్రవరి నుంచి అది 70 దగ్గరే ఉంది. అబ్బ, ఎంత బాగా చూసుకుంటున్నానో అనుకున్నా. మార్చి చివర్లో ఒక సిగార్‌ను పట్టుకుంటే ఎండుటాకులా చిట్లింది. అప్పుడు అనుమానమొచ్చి ఉప్పు పరీక్ష చేశా. మీరూ చేయొచ్చు. సీసా మూతలో కాస్త ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలపాలి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్ని, మీటర్‌ను కలిపి జిప్ కవర్లో పెట్టి ఒక రాత్రంతా కదపకుండా వదిలేయాలి. తడి ఉప్పు పక్కన మూసి ఉన్న గాలి ఎప్పుడూ 75 శాతం దగ్గరే ఆగుతుంది. ఇంట్లో వేడి కొంచెం అటూ ఇటూ అయినా ఇది మారదు. మన ముల్లు మీటర్ ఆ కవర్లో 70 చూపించింది. డాబా మీద మిట్టమధ్యాహ్నం పెడితే అక్కడా 70. పాపం, దానికి తెలిసిన అంకె అదొక్కటే.

ఒక చిన్న డిజిటల్ మీటర్ ఆన్‌లైన్‌లో తెప్పించా. ఉప్పు కవర్లో 71 చూపించింది. అంటే నాలుగు కలిపి చదవాలి, అంతే. ఎంత తప్పు చెప్తుందో తెలిస్తే తప్పుడు మీటర్‌తో కూడా బతకొచ్చు. పెట్టెలో పెడితే 48.

ఇక చూడండి నా కంగారు. కుళాయి నీళ్లు తెచ్చి స్పాంజ్ నిండా పోశా. అది చాలదని తడిగుడ్డతో పెట్టె లోపలంతా తుడిచా. లోపలి చెక్కను స్పానిష్ సెడార్ అంటారు. పేరుకే. అది స్పెయిన్‌ది కాదు, సెడారూ కాదు, మన వేప కుటుంబానికి చెందిన అమెరికా ఖండపు చెట్టు. తేమను పీల్చుకోవడం, వదలడం దాని గుణం. కొత్త పెట్టె తెచ్చినప్పుడు ముందు ఆ చెక్క కడుపు నిండాలి. లోపల ఒక గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పెట్టి కొన్ని రోజులు మూసి ఉంచాలి, లేదా దానికోసమే దొరికే 84 శాతం ప్యాకెట్ రెండు వారాలు పెట్టాలి. అది చేయకపోతే చెక్క సిగార్లలోని తేమనే లాక్కుంటుంది. నేను గుడ్డతో తుడిచేసరికి చెక్క ఒక్కసారిగా ఉబ్బి, మూత వంగింది. కుళాయి నీళ్లలోని లవణాలు స్పాంజ్ రంధ్రాల్లో పేరుకుని అదీ పనికిరాకుండా పోయింది.

మూత వంగిన సంగతి నాకు ఫోన్ చెప్పింది. టార్చ్ ఆన్ చేసి పెట్టెలో పెట్టి, గదిలో లైట్లన్నీ ఆర్పేసి చూశా. ఒక పక్క సన్నటి గీతలా వెలుతురు. వెలుతురు పోయే సందులో గాలి కూడా పోతుంది కదా.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో తమాషా. పగలు ఇల్లు ఎండకు పెనంలా ఉంటుంది. రాత్రి కూలర్ పెడతాం, గదంతా చెమ్మ. నేనేమో రాత్రి కూలర్ ముందు కూర్చుని పెట్టె తెరుస్తా, అంకె చూస్తా, నీళ్లు పోస్తా. పొద్దున మళ్లీ తెరుస్తా. రోజుకు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూపించా వాటికి. ఒకటి ఆరిపోయి, తర్వాత ఉబ్బి, నిలువునా చీలింది. అలా ఎండాకాలం రెండు పోయాయి.

జూన్‌లో వానలు మొదలైనా నా చేయి ఆగలేదు. బయట గాలే 85 చూపిస్తుంటే లోపల నీళ్లు పోస్తున్నా. ఆ ఆదివారం నాన్న నన్ను లేపేదాకా.

ఆ రోజు పెట్టె చుట్టూ అందరం కూర్చుంటే నాయనమ్మ వచ్చింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. ఒక సిగార్ తీసుకుని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూసింది.

"నీళ్లు పోస్తే ఆకు మెత్తవడది రా, మురిగిపోతది. చెమ్మ తాకాలె గని నీళ్లు తాకొద్దు."

తునికాకు సంగతి ఆమె చెప్తుంటే అప్పుడు విన్నా, పుట్టినప్పటి నుంచి ఇంట్లో చూసిందే అయినా. సాయంత్రం ఆకు నానబెట్టి, నీళ్లు వాడ్చి, తడి గోనెసంచిలో చుట్టి రాత్రంతా వదిలేస్తుంది. పొద్దునకు ఆకు మెత్తగా, కత్తెరకు లొంగేలా ఉంటుంది. ఎండాకాలం సంచిని రెండోసారి తడుపుతుంది. ముసురు పట్టిందంటే గట్టిగా పిండిన గుడ్డే కప్పుతుంది. "మాటిమాటికి ఇప్పి సూస్తే ఎట్ల? గాలి తాకుతనే ఉంటది" అంది. మీటర్ లేదు, శాతం లేదు. ఆకు పగిలితే ఆ రోజు వెయ్యి బీడీల లెక్క తప్పుతుంది, కూలీ పోతుంది. అందుకే ఆమె వేళ్లకు అంత తెలుసు. ఆ చెమ్మతో పాటు నలభై ఏళ్ల పొగాకు దుమ్ము కూడా ఆమె లోపలికి వెళ్లింది. ఒక్క బీడీ తాగని మనిషికి రాత్రిళ్లు దగ్గు ఆగదు.

బూజు పట్టిన మూడు పారేశా. కాల్చే చివర, లోపలి ఆకుల దాకా బూజు వెళ్లింది, తుడిచి దాచుకునే రకం కాదు. మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పెట్టె తుడిచి, రోజుల తరబడి తెరిచి ఆరబెట్టా. మిగిలిన ఏడింటిని మాత్రం గట్టిగా లాక్ అయ్యే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చా. అందం లేదు, నిజమే. కానీ వంగిన మూత ఉన్న పాలిష్ పెట్టె కన్నా రబ్బరు అంచున్న డబ్బా వెయ్యి రెట్లు మేలు.

స్పాంజ్ బదులు బోవెడా అనే కంపెనీ 65 శాతం ప్యాకెట్ ఒకటి వేశా. దాని లోపల ఉన్నది మన ఉప్పు పరీక్ష సూత్రమే. లవణం చిక్కగా కలిసిన నీళ్లు, ఆవిరి మాత్రమే దాటగలిగే పొర. గాలి పొడిగా ఉంటే ఇస్తుంది, చెమ్మ ఎక్కువైతే తీసుకుంటుంది. స్పాంజ్‌కు ఇవ్వడమే తెలుసు. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్‌కు తీసుకోవడమే తెలుసు, దాన్ని పెడితే సిగార్లు అప్పడాలవుతాయి. వరంగల్‌లో ఏడాదిలో సగం ఒకటి కావాలి, సగం ఇంకోటి కావాలి. రెండూ తెలిసింది లేకపోతే నాలాగే కాపలా కాయాలి. పాతిక సిగార్లకు 60 గ్రాముల ప్యాకెట్ ఒకటి చాలు. ముట్టుకుంటే గట్టిగా, గరగరలాడుతుంటే మార్చాలి.

వేడి సంగతి మాత్రం పూర్తిగా నా చేతుల్లో లేదు. 25 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పొదిగే ప్రమాదం. అందుకే ఏడింటినీ జిప్ కవర్లో మూసి మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, ఒక రోజు కింద ఫ్రిజ్‌లో, తర్వాత బయట పెట్టా. ఒక్కసారిగా వేడికి తెస్తే ఆకు చీలుతుంది. డబ్బాను అటక మీద నుంచి తీసి లోపలి గదిలో, ఎండ తగలని గోడ మూలన, నేల మీద పెట్టా.

తర్వాత చేసిన పనే అన్నిటికన్నా కష్టం. తెరవకపోవడం. లోపల బ్లూటూత్ సెన్సర్ వేసి ఫోన్‌లోనే చూసుకున్నా. మొదటి వారం 71, తర్వాత 68, మూడో వారానికి 66. ఆగస్టులో ముసురు పట్టి గోడలు చెమ్మగిల్లిన రోజుల్లో కూడా ఆ గీత ఫోన్‌లో దాదాపు తిన్నగానే పోయింది.

సద్దుల బతుకమ్మ రోజు బాబాయ్ దిగాడు. రెండ్రోజులకు దసరా. రాత్రి డాబా మీదికి డబ్బా తీసుకెళ్లాం. ప్లాస్టిక్ డబ్బా చూసి బాబాయ్ నవ్వాడు. పెట్టె ఏదని అడిగితే జరిగిందంతా చెప్పేశా. నాయనమ్మ ఒకటి తీసి నొక్కి, "ఇప్పుడు ఆకు మంచిగున్నది" అంది. వెంటనే, "నేను కిందికి వోయినంక ముట్టియ్యుండ్రి" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది.

బాబాయ్ ఒకటి వెలిగించాడు. రెండోది నాన్న చేతికిచ్చాడు. నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. "గోడెనక తాగింది ఇంత కమ్మగ లేకుండెరా" అన్నాడు. అగ్గిపెట్టె అడగలేదు. బాబాయ్ కూడా ఇవ్వలేదు. కాసేపటికి సిగార్‌ను మళ్లీ డబ్బాలో పెట్టి, మూత నొక్కి, నాలుగు లాకులూ తనే వేశాడు.

ఆరు మిగిలాయి. పాత ప్యాకెట్ అంచులు గట్టిపడితే మొన్న కొత్తది వేసి, దాని మీద పెన్నుతో తేదీ రాశా. ఇవాళ ఫోన్ 66 చూపిస్తోంది.