ఎర్ర కుండ, పచ్చ పెంకు

చీరాల దాటి చినగంజాం వైపు వెళ్తే, సముద్రానికి దగ్గరలో మోటుపల్లి వస్తుంది. ఇప్పుడది బాపట్ల జిల్లా, మొన్నటిదాకా ప్రకాశం. కాకతీయుల కాలంలో తెలుగు నేలకు పెద్ద రేవు. ఇక్కడి తవ్వకాల్లో మన కుమ్మరి కుండల పెంకుల మధ్య నున్నటి లేత ఆకుపచ్చ పెంకులూ దొరికాయి. అవి చైనాలో కాలిన గిన్నెల ముక్కలు. ఆ రకానికి సెలడాన్ అని పేరు. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలోనూ ఇలాంటివి బయటపడ్డాయి.

పేరూ ముద్రా లేని ముక్కను చూసి చైనాది అని ఎలా చెబుతారు? జవాబులో సగం ఇనుములో ఉంది.

కుండ మట్టిలో ఇనుము ఉంటుంది. కుండలు కాల్చే ఆములో గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఆక్సిజన్‌ను నిండుగా పట్టుకుని ఎరుపెక్కుతుంది. ఆ మంట మామూలుగా 900 డిగ్రీల సెల్సియస్ దాటదు. అంత వేడికి మట్టి గట్టిపడుతుంది గానీ కరగదు. సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. వేసవిలో కుండ నీళ్లు చల్లబడేది వాటి వల్లే.

చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో లాంగ్‌చువాన్ కుమ్మరులు అదే ఇనుముతో మరో రంగు తెప్పించారు. తెల్లటి మట్టితో గిన్నె చేసి, రాతిపొడి, సున్నం, బూడిద కలిపిన పూత పూసేవారు. కొండవాలు వెంట పొడవుగా కట్టిన ఆముల్లో 1200 డిగ్రీలు దాటేలా మంట పెట్టి, గాలి తగ్గించేవారు. గాలి చాలని మంటలో కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌లో కొంత లాగేసుకుంటుంది. పూతలో ఉండే ఇనుము ఒకటి రెండు శాతమే. ఆ కాస్తే, కరిగి గాజైన పూతకు పచ్చదనం ఇస్తుంది. గాలి చొరబడితే అదే గిన్నె పసుపు గోధుమ రంగుకు తిరిగిపోతుంది.

గాలి బిగించి కాల్చడం మన కుమ్మరులకు తెలియని విద్య కాదు. ధరణికోట పాత పొరల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలు దొరికాయి. ఆ నలుపు గాలి అందని చోట పుట్టిందే. తేడా అంతా మట్టిలో, పూతలో, మంట వేడిలో ఉంది.

అందుకే విరిగిన అంచు సాక్ష్యం చెబుతుంది. మన పెంకు నీటిని పీల్చుకుంటుంది, చైనా పెంకు పీల్చదు. ఇంకా అనుమానముంటే ఎక్స్‌రే పరీక్షతో అందులో లేశమాత్రంగా ఉండే మూలకాల పాళ్లు కొలిచి, ఏ ఆము ప్రాంతపు మట్టితో కలుస్తుందో చూస్తారు. కాలం సంగతి తేల్చడానికి గిన్నె అడుగు ఆకారం, చెక్కిన పువ్వుల తీరు పనికొస్తాయి. కొరియా దగ్గర సినాన్ తీరంలో మునిగిన ఓడ ఇందుకు గొప్ప ఆధారం. సరుకుకు కట్టిన చెక్క బిళ్లల మీద 1323 నాటి తేదీ ఉంది. అందులోని సెలడాన్‌తో పోల్చి మిగతాచోట్ల పెంకులకు వయసు కడతారు.

ఓడలు మోటుపల్లికి ధైర్యంగా రావడానికి కారణం ఇక్కడి వీరభద్రస్వామి ఆలయంలో రాతి మీదే ఉంది. అది 1244 నాటి కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు దాన్ని ఆపి, ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు సుంకంతో సరిపెట్టాడు. సరుకుల పట్టీలో చీనా కర్పూరం కనిపిస్తుంది. మిరియాలూ ఉన్నాయి. రెడ్డిరాజుల కాలానికి చైనా పట్టు కూడా వచ్చేది. శ్రీనాథుడి ‘హరవిలాసం’ అంకితం పొందిన అవచి తిప్పయ్యసెట్టి దాన్ని తెప్పించిన వర్తకుడు.

అంతకుముందే, మంగోలుల ఏలుబడిలో, చైనా సరుకు పడమటికీ చాలా దూరం పోయింది. అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మతెనదరాన్ అనే రాతప్రతుల భాండాగారం ఉంది. అక్కడి 1289 నాటి సువార్త గ్రంథంలో ఒక ఆర్చిబిషప్ బొమ్మ ఉంది. ఆయన వస్త్రం మీద చైనా డ్రాగన్!

మరి మన దగ్గర్నుంచి వెళ్లిందేమిటి? మార్కో పోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ, సాలెగూడు అంత సన్నటి నూలు బట్టలను మెచ్చుకున్నాడు. ఆ బట్ట ముక్క ఒక్కటీ ఇక్కడి నేలలో మిగల్లేదు. పత్తి అంటే సెల్యులోజ్, తేమ నేలలో సూక్ష్మజీవులకు అది ఆహారం. ఈజిప్టులోని ఫుస్తాత్ పొడి నేలలో గుజరాత్ నూలు గుడ్డలు శతాబ్దాలు నిలిచాయి. మన తీరానికి ఆ అదృష్టం లేదు. దిగుమతి పెంకై మిగిలింది, ఎగుమతి మట్టిలో కలిసింది. తవ్వకాలను మాత్రమే నమ్మితే మన నేతగాళ్ల వాటా లెక్కలోకే రాదు. అది నాకు బాధ కలిగించే సంగతి.

చైనా పేరు ఈ నేలకు కాకతీయులతో వచ్చిందీ కాదు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన మూడో శతాబ్దపు శాసనం, బౌద్ధం అందిన దేశాల వరుసలో చీనాను చెబుతుంది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చి కొన్ని నెలలు ఉండి, సుభూతి, సూర్య అనే భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడు.

ఈ తీరంలో రొయ్యల చెరువులు తవ్వేటప్పుడు పచ్చ పెంకు కనిపిస్తే, తీసి జేబులో వేసుకోకండి. ఉన్నచోటే ఉంచి ఫొటో తీసి, పురావస్తు శాఖకు కబురు చేయండి. పక్కనున్న ఎర్ర పెంకు, కింద బొగ్గు, ఆ పొర లోతు అన్నీ కలిస్తేనే అది ఇక్కడికి ఎప్పుడు చేరిందో తెలుస్తుంది. పొర చెదిరాక ప్రయోగశాల చెప్పగలిగేది అది ఏ ఆములో కాలిందన్నంతవరకే.