గిజిగాడికి కాలం ఎవరు చెబుతారు?

జాషువా ‘గిజిగాడు’ ఖండికను పాఠంగా చెప్పినప్పుడల్లా విద్యార్థులు గూటి పనితనాన్నే మెచ్చుకోవడం చూస్తుంటాను. ఆ గూడు వానాకాలంలోనే ఎందుకు లేస్తుందని అడిగేవారు అరుదు. ‘పక్షికి అది సహజం’ అనడం జవాబు కాదు, ప్రశ్నను దాటవేయడం.

పక్షి దేహంలో ఒక గడియారం ఉంది. దాన్ని సరిదిద్దేది పగటి నిడివి. 1920లలో విలియం రోవన్ అనే శాస్త్రజ్ఞుడు కెనడా చలిలో జంకో పిట్టలకు విద్యుద్దీపాలతో పగటిని పొడిగించాడు. నడిచలికాలంలోనే వాటి బీజకోశాలు పెరిగాయి. వెలుతురును కళ్ళే కాదు, పుర్రెగుండా సోకినప్పుడు మెదడులోని కణాలూ గ్రహిస్తాయని తర్వాత తేలింది. మా బోనకల్లులో ఏడాది మొత్తం మీద పగటి తేడా సుమారు రెండు గంటలే.

అయితే గడియారం ఒక్కటే గూడు కట్టదు. మగపిట్ట తల పసుపు తిరిగినా, చీల్చుకోవడానికి పచ్చగడ్డి, వరి ఆకు కావాలి. పిల్లలకు పురుగులు కావాలి. అవి వానతో వస్తాయి. పగలు దేహాన్ని సిద్ధం చేస్తే, వాన పనికి దింపుతుంది.

మన కవిత్వంలో ఋతువు తరచు అలంకారంగానే మిగిలింది. కోకిల కూతకు మామిడి చిగుళ్ళు కారణమని ఇంకా రాస్తున్నాం. కూసేది మగకోకిల. ఆడకోకిల గుడ్లు పెట్టేది కాకి గూట్లో గనుక, ఆ కూత కాకి గూడు కట్టే కాలంతో ముడిపడి ఉంది.

ఈ వాస్తవం తెలిస్తే కవిత్వానికి నష్టం లేదు. బావి మీది తుమ్మకొమ్మకు జూలై దాటినా గూడు వేలాడకపోతే, వాన వెనకబడిందనీ, కూలీలకు నాట్ల పని దొరకలేదేమోననీ ఆలోచించగల రచయితే ఋతువును రాయగలడు.