రొయ్యపిల్ల ప్రయాణం

పిల్లలూ! రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నిండివున్న రోజున, గాలి కట్టవైపు వీచేటప్పుడు, పెద్దవాళ్ళతో వెళ్ళి చూడండి. ఎండుటాకులూ, నురుగూ వచ్చి కట్టవారగా పోగవుతాయి. ఎందుచేత? గాలి పైనీటిని కట్టవైపు నెడుతుంది. ఆ నీరు కట్టకు తగిలి, అడుగుకు దిగి, వెనక్కు మళ్ళుతుంది. తేలికైన ఆకు నీటివెంట దిగలేక పైనే ఆగిపోతుంది.

ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకుని, కాకినాడ సముద్రానికి పోదాం రండి. అక్కడ టైగర్ రొయ్య లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. ఒక్కరోజు లోపలే అవి పగిలి, ఇసుకరేణువులంత పిల్లలు బయటికి వస్తాయి. వీటినే డింభకాలు అంటారు. చూస్తే రొయ్యలని ఎవరూ అనుకోరు! కుబుసం విడుస్తూ పన్నెండు రూపాలు దాటితేగాని వాటికి రొయ్య ఆకారం రాదు. ఇందుకు సుమారు రెండు వారాలు పడుతుంది.

అంతవరకూ ప్రవాహం ఎటు తీసుకుపోతే అటే వాటి ప్రయాణం. మన తీరం వెంట ఆ ప్రవాహం వసంతకాలంలో ఉత్తరానికీ, అక్టోబరు, నవంబరు నెలలలో దక్షిణానికీ సాగుతుంది. గోదావరి నీరు ఉప్పునీటిని తాకేచోట ఒక నురుగుచార ఏర్పడుతుంది. అక్కడకూడా నీరు కిందికి దిగుతుంది. డింభకాలు మాత్రం పైకి ఈదుతూ, దిగకుండా నిలుస్తాయి. అందుకే చెరువులో ఆకులలాగా అక్కడ గుంపు కడతాయి. చేపలకు అది విందు! చివరకు మిగిలేవి కొద్ది.

మరి ప్రవాహానికి ఎదురీదలేని ఈ పిల్ల కోరంగి మడ అడవికి ఎలా చేరుతుంది? దానికి ఒక ఉపాయం తెలుసు. పోటు వచ్చి సముద్రపు నీరు ఏరులలోకి ఎక్కేటప్పుడు అది పైకి లేస్తుంది. ఆటు సమయాన నీరు వెనక్కు తీసేటప్పుడు అడుగున బురదను అంటుకుని వుంటుంది. అలా పోటుకింత చొప్పున లోపలికి చేరుతుంది. మడచెట్ల వేళ్ళ మధ్య దాక్కుని పెరిగి, పెద్దదై, గుడ్లు పెట్టటానికి తిరిగి సముద్రానికి పోతుంది.

కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. కాని గోదావరి డెల్టాలో చాలాచోట్ల మడచెట్లు కొట్టి రొయ్యల చెరువులు తవ్వారు. ఇన్ని గండాలు దాటి వచ్చిన పిల్లకు, తీరా వచ్చాక దాక్కోవటానికి ఒక వేరైనా లేకపోతే ఎలా? ఆ వేళ్ళను కాపాడితేనే రేపు సముద్రంలో రొయ్యలుంటాయి.